పంచాంగపు వేసవి, కనుమమీది వేసవి

ఆల్ప్స్ పర్వతములమీదికి సైకిలు తొక్కుకొని పోవ నుద్దేశించిన వారికి, అందును ఫ్రాన్సు దేశమునందలి గాలిబియే కనుమను ఒక్కసారియైన నెక్కి రావలెనని ఉబలాటపడువారికి, తెలిసినవారని పేరుపడ్డ వారందరును చేయు ఉపదేశము ఒక్కటే: జూన్ మాసము ప్రవేశింపగనే బయలుదేరుడు; అప్పటికి వేసవి వచ్చియుండును, జూలై నాటి జనసమ్మర్దము ఇంకను మొదలుకాదు, బసలు చౌకగ దొరకును, దారి ఖాళీగ నుండును; చలికాలమంతయు కాళ్ళచేత సాధన చేయించి యున్నచో తక్కినదంతయు దానంతట నదియే సమకూరును. వినుటకు ఇంపుగ నున్న ఈ మాటలో సత్యము బొత్తిగ లేదనను. బసలు చౌక యగుట నిజమే, దారి ఖాళీగ నుండుటయు నిజమే. కాని ఆ దారి ఏల ఖాళీగ నున్నదో విచారించిన ఉపదేశకుడు నాకింతవరకు తటస్థపడలేదు.

యాత్రను కొండపాదమున నారంభించి పైపైకి ఆలోచించుకొని పోవుట వీరి పద్ధతి. ఎచ్చట రైలు దిగవలెను, ఏ వేళకు తొక్కుట కారంభింపవలెను, గంట కెన్ని కిలోమీటర్లు సాగగలము, మధ్యదారిలో ఏమి తినవలెను అని వరుసగ లెక్క వేసికొని, శిఖరము చేరుటతో లెక్క ముగింతురు. నా వాదము దీనికి సరిగ తలక్రిందులు. వేసవి తొలినాళ్ళలో ఇట్టి కనుమకు పోదలచినవాడు శిఖరమున నారంభించి క్రిందికి ఆలోచింపవలెను. ఆనాటికి శిఖరమార్గము తెరిచియుండునా, అచ్చటి గాలి యెట్లుండును, చెమటతో తడిసి పైకి చేరిన దేహము మరల లోయకు ఏ స్థితిలో దిగును అను ప్రశ్నలు ముందు తేలవలెను. కాళ్ళ బలము సంగతి కట్టకడపట విచారించుకొనవచ్చును.

గాలిబియే ఎత్తు 2,642 మీటర్లు. ఉత్తరమున సవ్వా మండలమునకును, దక్షిణమున ఓత్ ఆల్ప్ మండలమునకును అది సరిహద్దు. శరత్కాలము ముగియుచుండగ మూతపడిన ఆ దారిని సాధారణముగ మే మాసాంతమునగాని జూన్ తొలి దినములలోగాని తెరుతురు. మంచు భారీగ పడిన యేట అంతకంటెను ఆలస్యమగును. రెండు మండలముల పనివారును తమ తమ వైపునుండి యంత్రములతో మంచును కోసి, లోయలోనికి విసరివేయుచు, దినమునకు కొంత కొంతగ దారిని వెలికి తీయుదురు. ఏ తేదీకి ఆ పని ముగియునో ఆ యేటి మంచు చెప్పవలసినదే గాని గోడమీది క్యాలెండరు చెప్పజాలదు. మన పల్లెలలో రోహిణీకార్తె యెండకు రోళ్ళు పగులునని చెప్పుకొను దినము లేవియో, ఇంచుమించు ఆ దినములలోనే అచ్చట మంచుగోడల నడుమ ఈ యంత్రములు మొరయుచుండును. యూరపున ఉద్యోగములు చేసికొనుచున్న మన తెలుగువారికి ఈ భేదము తెలియనిది కాదు. తెలిసియు, సెలవుచీటి చేతికి వచ్చునప్పటికి మరచిపోవుదురు.

ఇది పిరికివాని శంక యని నవ్వువారు పందెముల చరిత్రను ఒకసారి తిరుగవేయుదురుగాక. 2013 మే 19వ తేదీన ఇటలీ దేశపు మహాపందెము గాలిబియే మీదికి వచ్చినది. యంత్రములకు కొదవలేదు, ధనమునకు కొదవలేదు, ఇరుదేశముల అధికారుల సహాయమునకు కొదవలేదు. అయినను మంచు కారణముగ గమ్యస్థానమును శిఖరమునకు నాలుగు కిలోమీటర్లకు పైగా క్రిందనే నిలుపవలసి వచ్చెను, జొవాన్ని విస్కోంతి యచ్చటనే విజేత యయ్యెను. అది మే మాసము గదా యని త్రోసిపుచ్చెదరేమో. 1996 జూలై 8వ తేదీన, వేసవి నడిమధ్యమున, ఫ్రాన్సు మహాపందెము ఇజెరాన్, గాలిబియే కనుమలు రెంటిని మంచునకును పెనుగాలికిని వదలిపెట్టి, నిర్ణయించుకొన్న దారిలో కడపటి 46 కిలోమీటర్ల తునకతో తృప్తిపడెను. ఇటీవల 2024 జూలై 2న పందెగాండ్రు గాలిబియే దాటినపుడు సైతము దారి కిరుప్రక్కల మంచుగట్లు కరుగక నిలిచియుండెను. వందలాది పరిచారకులు గల పందెములకే ఈ గతి పట్టగా, వారము దినముల సెలవును, ఒక సంచిని, ఒక సైకిలును మాత్రము వెంటబెట్టుకొని వచ్చినవానితో ‘జూన్ వచ్చినది, పొమ్ము’ అనుట ఉపదేశమా?

ఈ కనుమలకు పోవు దారుల మొదట పలకలు నిలిపియుందురు. పైన కనుమ తెరిచియున్నదో మూసియున్నదో వానిమీద చూపుదురు. ఆ పలకను చదువుటయందు సైకిలువారిలో ఒక తెగ కొక చిత్రమైన వ్యాఖ్యానము కలదు. మూసియున్నది అను మాట మోటారు బండ్లకేగాని సైకిలునకు వర్తింపదట. అడ్డుకొయ్య క్రిందుగ దూరి, తొక్కగలిగినంత దూరము తొక్కి, మంచు అడ్డము వచ్చినచోట సైకిలును భుజమున నెత్తుకొని నడిచిన చాలునట. ఎదురు వచ్చు కారు ఒక్కటియు లేని గాలిబియే అనుభవము మరి యెప్పుడును దొరకదట. ఈ మాట లాడువారు ఆ పైన పనిచేయుచున్న మనుష్యులను తలపున కైనను తెచ్చుకొనరు. మంచును కోసి బహుదూరము విసరు యంత్రమును నడుపువాడు, మూసియున్న దారిపై మలుపు తిరిగి ఒక మనిషి సైకిలుతో ప్రత్యక్షమగునని ఊహింపడు, ఊహింప నక్కరయు లేదు. అదిగాక, ఉదయమున గట్టిగ నిలిచిన వసంతపు మంచు మధ్యాహ్నపుటెండకు నీరుపట్టి, బరువెక్కి, పైవాలునుండి దారిమీదికి జారిపడును. ఇక మంచుపై నడకయందురా, సైకిలువాని పాదరక్ష అడుగున పెడలునకు తగిలించుకొను బిళ్ళ యొకటి గట్టిగ బిగించియుండును. చదునైన గచ్చుమీదనే ఆ బిళ్ళతో నడచువాడు బాతువలె అడుగు లిడును. గట్టిపడిన మంచువాలుపై, ఒక చేత సైకిలును పట్టుకొని, పట్టు చిక్కని ఆ బిళ్ళపై బరువు మోపినవానికి రెండవ అడుగు ఎచ్చట పడునో వానికే తెలియదు.

సొరంగము విషయమున మరియొక భ్రాంతి కలదు. శిఖరమునకు కొంచెము దిగువ, 2,556 మీటర్ల యెత్తున, 365 మీటర్ల పొడవు గల పాత సొరంగ మున్నది. 1976లో మూసివేసి, బాగుచేసి, 2002లో మరల తెరచిరి. ఒక్క వరుస బండ్లు మాత్రము పట్టు ఇరుకుదారి యగుటచే దీపపు సంజ్ఞలనుబట్టి ఒకప్రక్కవారి తరువాత ఒకప్రక్కవారిని విడుతురు. సైకిళ్ళకు ప్రవేశము లేదు. సైకిలువాడు సొరంగమును వదలి, శిఖరముమీదుగ చుట్టిపోవు నిట్రపుదారిని పట్టవలసినదే. కావున సొరంగము తెరిచినారన్న వార్త విని సంతసించువాడు తనకు సంబంధము లేని వార్త విని సంతసించుచున్నాడు.

సరే, పలక మారినది, శిఖరమార్గమును తెరచిరి. అంతటితో వేసవి వచ్చినట్లేనా? పగలు మంచుగోడల అడుగునుండి కారిన నీరు దారి కడ్డముగ సన్నని పాయలై ప్రవహించును. రాత్రి అదియే పలుచని గాజుపొరయై పేరుకొనును. సూర్యుడు కొండచాటునుండి వెలువడువరకు, నీడపట్టు మలుపులలో, తడిదారికిని ఆ పొరకును కంటికి భేదము తెలియదు. శీతకాలమంతయు మంచు నలిపిన రాళ్ళు ఇసుకయై అంచులకు చేరియుండును. ఎత్తు పెరిగినకొలది గాలి చల్లబడు లెక్క చిన్నపిల్లలకును తెలిసినదే: వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు. సేన్ మిషెల్ ద మోరియెన్ పట్టణము 712 మీటర్ల యెత్తున నున్నది; అచ్చట 18 డిగ్రీల హాయి యైన ఉదయమున బయలుదేరినవానికి శిఖరమున ఐదారు డిగ్రీలకు మించి దొరకదు. ఆ చలిలో గంటకు 45 కిలోమీటర్ల వేగమున దిగువాని చర్మమునకు తగులునది నీరు గడ్డకట్టు చలియే. అదియు గాలి లేనినాటి మాట. గాలిబియే మీద గాలి లేని దినము లరుదు.

ఇచ్చటనే వాడుక యభిప్రాయము మిక్కిలి తప్పిపోవుచున్నది. ఎక్కుట కష్టము, దిగుట దానికి బహుమానము అని అందరును అందురు. శిఖరమున ఫోటో తీయించుకొన్నతోడనే యాత్ర ముగిసినదనుకొందురు. దేహధర్మము వేరుగ నున్నది. ఎక్కునపుడు కండరములు వ్యయించు శక్తిలో రమారమి నాలుగవవంతు మాత్రమే పెడలునకు చేరును, తక్కిన దంతయు వేడియై వెలువడును; కనుకనే ఐదు డిగ్రీల చలిలోను చొక్కా తడియును. శిఖరము దాటి పెడలు తొక్కుట మానిన క్షణమున ఆ కొలిమి ఆరిపోవును. తడిచొక్కా మాత్రము ఒంటినంటియే యుండును. వల్వార్ గ్రామము చేరువరకు పదునెనిమిది కిలోమీటర్లు, అనగా దాదాపు అరగంట, మనిషి కదలక కూర్చుండి గాలికి ఎదురు నిలువవలెను. మొదట వ్రేళ్ళ కొసలు మొద్దుబారును. తరువాత బ్రేకుపై వ్రేలున్నదో లేదో కంటితో చూచిగాని తెలిసికొనలేని స్థితి వచ్చును. అప్పుడు, సంచిలో దాచిన చొక్కాను తీసి తొడుగుకొందమని ఆగినవానికి, సంచి గొలుసును పట్టి లాగుటకే వ్రేళ్ళు స్వాధీనమున నుండవు. పూర్వపు పందెగాండ్రు శిఖరమున నిలిచిన జనులచేతి వార్తాపత్రికలను పుచ్చుకొని చొక్కా లోపల రొమ్ముమీద దోపుకొని దిగుట వేడుకకు కాదు.

1988 జూన్ 5వ తేదీ కథ యిట్టి యాత్రకు పోదలచిన ప్రతివాడును కంఠస్థము చేయదగినది. ఆ దినమున ఇటలీ మహాపందెము గావియా కనుమమీదుగ పోయెను. అదియు గాలిబియేవలె 2,600 మీటర్లకు పైబడిన కనుమయే, అదియు పంచాంగము ప్రకారము వేసవియే. మంచుతుపాను చెలరేగెను. హాలండు దేశపు యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టిచేతుల చొక్కాతోనే అందరికంటె ముందుగ శిఖరము చేరెను. ఎక్కుట యొక్కటియే పరీక్ష యైనచో ఆనాటి విజేత అతడే. కాని దిగుటలో చలికి దేహము వశము తప్పి, దారిలో ఆగి, కప్పుకొని, వెచ్చబడి, మరల బయలుదేరునప్పటికి కాలము చేయి దాటిపోయెను. గమ్యము చేరునప్పటికి అతడు 47 నిమిషములు వెనుకబడెను. అమెరికా వాడైన ఆండీ హాంప్‌స్టెన్ పక్షమువారు మాత్రము వాతావరణ వార్త విని, ఆ చుట్టుపట్ల మంచుక్రీడల దుస్తులమ్ము అంగళ్ళలో ఉన్ని టోపీలును చేతితొడుగులును కొని, కనుమ మీద వేడి తేనీటితో కాచుకొని యుండిరి. ఆనాటి పందెమును ఎరిక్ బ్రూకింక్ గెలిచినను, మొత్తము పందెపు నాయకత్వము హాంప్‌స్టెన్ చేతికి వచ్చి, తుదివరకు నిలిచెను. ఆ విజయమున కాళ్ళ పాలెంత, ఉన్ని తొడుగుల పాలెంత యని పంచి చెప్పగలవాడు నాకు కనబడడు. కాళ్ళ మహిమయే సర్వమను మన ఉపదేశకులు వాన్ డెర్ వెల్డె కాళ్ళలో ఏ లోపము కనిపెట్టుదురో వినవలెనని యున్నది.

వీరి మరియొక ఆయుధము సగటు. సేన్ మిషెల్ మొదలు శిఖరము వరకు సుమారు 35 కిలోమీటర్లు, సగటు వాలు నూటికి ఐదున్నర. ఇంతమాత్రపు వాలునకు భయమేల యందురు. ఈ లెక్కలో మోసమున్నది. ముందు తెలెగ్రాఫ్ కనుమ వరకు 854 మీటర్ల యెత్తు ఎక్కి, అచ్చటనుండి వల్వార్‌నకు 165 మీటర్లు దిగి, దిగినదానిని మరల ఎక్కవలసియున్నది. సగటు ఆ దిగుడును కూడ కలుపుకొని తక్కువయై కనబడును. వల్వార్ దాటిన పిమ్మటను ప్లాన్ లాషా అను చోటువరకు లోయదారి మెత్తగనే సాగును. అచ్చట వాగు దాటినతోడనే, కాళ్ళు అదివరకే రెండు గంటలకు పైగా పనిచేసి యుండగా, గాలి పలుచబడుచుండగా, ఎనిమిది కిలోమీటర్లు నూటికి ఎనిమిదిన్నర వంతున, కడపటి కిలోమీటరు ఇంచుమించు పది వంతున నిలువబడును. మంచు తడియు, గాలియు, చలియు ఉండునది సరిగ ఆ యెనిమిది కిలోమీటర్లలోనే.

దీనికి మందు చిన్న గేరు. ముందరి పళ్ళచక్రమునకును వెనుక ఫ్రీవీలునకును పళ్ళు సమానముగ, చెరి 34 ఉన్నచో, నిమిషమునకు అరువది మార్లు పెడలు తిప్పువాడు గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగమున, ఊపిరి తిరుగుచుండగనే, ఆ వాలు నెక్కగలడు. అయినను పెద్ద గేరుతో ఎక్కుటయే మగతనమను మాట నేటికిని చావలేదు. దీని పుట్టుక ఎచ్చటనో వెదుకనక్కర లేదు. ఫ్రాన్సు పందెమును స్థాపించిన ఆంరి దెగ్రాంజ్ 1911లో గాలిబియేను పందెపు దారిలో చేర్చి, దానిపై ఆరాధనాగీతమువంటి వ్యాసము వ్రాసెను. ఎమిల్ జోర్జే తొలుత శిఖరము దాటిన ఆనాడు చాలమంది సైకిలు దిగి నడచిరి. గేరు మార్చుకొనుట ముసలితనమునకు తగినదని దెగ్రాంజ్ అభిప్రాయము; గేరుమార్పు యంత్రమును ఆ పందెమున 1937 వరకు రానీయలేదు. అతని స్మారకస్తంభము నేటికిని సొరంగపు దక్షిణద్వారము చెంత నిలిచియున్నది. అతని పద్ధతి మాత్రము స్తంభమును వదలి, సెలవులకు వచ్చు గుమాస్తాల మనస్సులలో కాపురము పెట్టినది. పందెగానికి వెనుక కారున్నది, కారులో వైద్యుడున్నాడు, యాత్రికునకు ఏమున్నది?

ఆ కాలముననే సేంత్ ఎతియెన్ పట్టణమున వెలోసియో అను పేర వ్రాయుచుండిన పోల్ ద వివీ అను మరియొక పెద్దమనిషి యుండెను. బహు గేర్ల సైకిలుకొరకు జీవితమంతయు వాదించి, తానే ఆ సైకిళ్ళపై కొండలు దాటి, 1930లో గతించెను. ఆకలి కాకముందే తినుడనియు, చలి పుట్టకముందే కప్పుకొనుడనియు, గర్వముకొరకు పెడలు తొక్కవలదనియు ఆయన బోధించెను. పందెము చూచువారు దెగ్రాంజ్‌ను అనుసరించిన ననుసరింతురుగాక. యాత్ర చేయువారికి గురువు వెలోసియోయే. విచిత్రమేమనగా, ఈనాటి ఉపదేశకుల సైకిళ్ళకు తగిలించియున్న గేర్లన్నియు వెలోసియో పక్షమున గెలిచినవే, వారి నోటి మాటలన్నియు దెగ్రాంజ్‌వే.

ఇంతయు విని, అట్లయినచో ఆగస్టు వరకు ఆగుడని నేను చెప్పుచున్నానని తలంతురేమో. ఎంతమాత్రమును కాదు. జూన్ మాసపు దీర్ఘమైన పగళ్ళు ఆగస్టున లేవు. ఆ కాలమున మంచు వెనుదీసిన చోటనెల్ల పుట్టుకొని వచ్చు పువ్వులును లేవు. దక్షిణపు వైపున లోతారే కనుమమీద 1899లో నెలకొల్పిన పర్వతోద్యాన మున్నది. అది చూడదగిన కాలము వేసవి తొలిభాగమే. నా తగవు జూన్‌తో గాదు, తేదీని ముందుగ మేకుకొట్టి బిగించు పథకముతోనే. శనివారము ఉదయము ఏడు గంటలకు గాలిబియే అని వ్రాసికొని పోవువాడు, ఆ శనివారము గాలిబియే ఒప్పుకొనకున్న ఏమి చేయునో వ్రాసికొనడు. వల్వార్‌లోనో లోతారే దిగువ లోయలోనో నాలుగైదు రాత్రులు బస యేర్పరచుకొని, వానిలో ఏది మేలైన దినమో పర్వతముచేతనే చెప్పించుకొనుట సరియైన పథకము. తక్కిన దినములు వ్యర్థములు కావు: శీతకాలమునను చాలవరకు తెరిచియుంచు లోతారే దారి యున్నది, తెలెగ్రాఫ్ ఉన్నది, మూసియున్న అడ్డుకొయ్య వరకు పోయి మర్యాదగ మరలి రాదగిన ప్లాన్ లాషా ఉన్నది. మధ్యాహ్నము తరువాత ఉరుములు పుట్టు కొండలగుటచే పండ్రెండు గంటలకు ముందే శిఖరము దాటునట్లును, నీడపొర కరుగువరకు పైమలుపులు చేరకుండునట్లును బయలుదేరు వేళ నిర్ణయించుకొనవలెను. సంచిలో పొడిచొక్కా, గాలి చొరని పైచొక్కా, నిండు చేతితొడుగులు, చెవులు కప్పు టోపీ ఉండవలెను. వానిని తొడుగవలసినది శిఖరమున, చెమట ఆరకముందు, చలి వేయుచున్నదో లేదోయని విచారింపకుండగనే.

ఇక కడపటి ఆక్షేపణ: అంతదూరమునుండి వ్యయప్రయాసల కోర్చి వచ్చి శిఖరము చూడకుండ మరలుట యెట్లు? ఇట్లడుగువాడు ఖర్చయిన సొమ్మును పర్వతము బాకీ పడినదని తలచుచున్నాడు. టిక్కెట్టు ధర యెంతయో పైనున్న మేఘమునకు తెలియదు. పైగా మరలుట యనునది శిఖరము చేరినవానికిని తప్పదు. సేన్ మిషెల్‌నుండి ఎక్కినవాడు అదే దారిని దిగినచో, వల్వార్ చేరిన తరువాత తెలెగ్రాఫ్ కనుమవరకు ఐదు కిలోమీటర్లు మరల ఎక్కవలెను. దిగుట బహుమానమను వాదులు ఈ ఐదు కిలోమీటర్లను పథకములో వ్రాయరు, వ్రాసినను విసుగుకొని వ్రాయుదురు. మంచుగాలిలో అరగంట దిగివచ్చినవాని వ్రేళ్ళకు మరల రక్తము పారునది ఆ యెక్కుడులోనే గనుక, నన్నడిగినచో తేనీటి దుకాణమునకు ముందు దానినే గుర్తు పెట్టుకొమ్మందును.